బీకాం, బీబీఏ వాళ్ల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు: సర్వే ఫారాలు నింపడం దాటి ఏం చేయించొచ్చు?

కామర్స్_మేడమ్_తణుకు

అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఈ వేసవిలో మా ఫస్టియర్ బీకాం, బీబీఏ పిల్లల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు నేను మెంటర్ని. తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు: 2020-21లో ఏపీ ఉన్నత విద్యామండలి డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు దీన్ని తప్పనిసరి చేసింది. రెండో సెమిస్టర్ అయ్యాక సెలవుల్లో 180 గంటలు, 4 క్రెడిట్లు. తను ఉండే ఊరికో వార్డుకో దగ్గర్లో, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే చోట పనిచేయాలి. రోజూ లాగ్‌బుక్ రాయాలి, చివర్లో రిపోర్టు ఇవ్వాలి.

మార్గదర్శకాలు చదివితే మంచి ఉద్దేశమే కనిపిస్తుంది. ముందు ఊరి పరిస్థితి సర్వే చేయమన్నారు, ఆ తర్వాత తమ సబ్జెక్టుకు దగ్గరగా ఉన్న సమస్య తీసుకుని పనిచేయమన్నారు. మనవాళ్లు మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నారు. ఇల్లిల్లూ తిరిగి రేషన్ కార్డు ఉందా, మరుగుదొడ్డి ఉందా అని అడిగి, గుండ్రటి పై చార్టులు గీసి, రిపోర్టు బైండింగ్ చేయించి తెస్తారు. బోటనీ వాళ్ల రిపోర్టూ అదే, బీకాం వాళ్ల రిపోర్టూ అదే.

జమాఖర్చులు, వడ్డీ లెక్కలు నేర్చుకుంటున్న పిల్లలు ఆ చదువుతోనే ఊరికి ఏం చేసిపెట్టగలరు? ఆ పని వల్ల వాళ్ల చేతికి ఏం వస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బుక్‌కీపర్_అక్క

మేడమ్, నేను డ్వాక్రా సంఘాలకు పుస్తకాలు రాస్తాను. పిల్లలు మా ఊరికి కూడా వస్తారు. ఏటా కొత్త మొహాలు, పాత ప్రశ్నలే. ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఎంత, గ్యాస్ ఉందా లేదా. ఆడవాళ్లు పని మానుకుని కూర్చుని చెబుతారు. ఆ తర్వాత ఆ కాగితాలు ఏమయ్యాయో మాకు తెలియదు. మళ్లీ వచ్చి "ఇదిగో అక్కా, మీ ఊరి లెక్క ఇలా తేలింది" అని చెప్పినవాళ్లు ఇంతవరకూ ఒక్కరు లేరు.

మాకు సాయం కావాల్సిన చోట్లు బోలెడు. సంఘానికి పంచసూత్రాలని ఉంటాయి: వారం వారం మీటింగు, పొదుపు, లోపలి అప్పులు, టైముకి తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. మొదటి నాలుగూ ఎలాగో నడుస్తాయి. అయిదోది వచ్చేసరికి అందరూ నావైపు చూస్తారు. మినిట్స్ పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, ఒక్కొక్కరి పాస్‌పుస్తకం, అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజి అప్పు వస్తే వడ్డీ ఎంత పట్టారో సభ్యులకు అర్థమయ్యేట్టు చెప్పడానికి నాకు టైము చాలదు. బీకాం పిల్లలు ఆ పని పట్టుకుంటే ఎంత బాగుంటుందో!

ఒక్క షరతు. ఎవరి అప్పు ఎంతో, ఎవరు బాకీ పడ్డారో పిల్లలకు కనబడిపోతుంది. ఆ పేజీని ఫోటో తీసి ఎక్కడా పెట్టకూడదు. ఊళ్లో పరువు పోతే మళ్లీ రాదు.

బీకాం_సెకండియర్

పోయిన వేసవిలో నేనూ ఇది చేశాను. నిజం చెప్పాలంటే మా బ్యాచిలో చాలామందికి ఇది భారంగానే ఉంది. నేను సెలవుల్లో బట్టల షాపులో పనిచేసి ఆ డబ్బుతో ఫీజు కట్టుకుంటా. 180 గంటలు జీతం లేకుండా పని అంటే ఇంట్లో ఒప్పుకోరు. కొంతమంది జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్ రిపోర్టు కొనేశారు. ఊరి పేరు, హాల్‌టికెట్ నంబరు మారిస్తే చాలు. వాళ్లకీ పాసే, ఎండలో తిరిగిన మాకూ పాసే. అందుకే అడుగుతున్నా, దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉంటుందా?

కోటవీధి_సీఏ

తమ్ముడూ, ఉపయోగం ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో నేను చూసినంతలో చెబుతాను. నా ఆఫీసులో ఆర్టికల్స్‌కి (సీఏ చదివేవాళ్ల శిక్షణకు), అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టులకి పిల్లల్ని తీసుకుంటాను. రెజ్యూమేలో "కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్" అని ఉంటే నేను వేసే ప్రశ్న ఒక్కటే: "నువ్వు వేసిన లెక్కను ఎవరు వాడుకున్నారు?" తొంభై శాతం మంది దగ్గర జవాబు ఉండదు. జవాబు ఉన్నవాళ్లతో అరగంట మాట్లాడాలనిపిస్తుంది.

ఒకమ్మాయి జంతికలు చేసి అమ్మే ఇద్దరు ఆడవాళ్ల లెక్క పట్టుకొచ్చింది. 10 కిలోల వాయికి బియ్యప్పిండి, శనగపిండి, నూనె, వాము, నువ్వులు, వెన్న అన్నీ కలిపి సరుకు 1,250 రూపాయలు. కిలో 220 చొప్పున అమ్మితే 2,200. కాబట్టి 950 మిగులుతోందని వాళ్ల లెక్క. ఈ అమ్మాయి పక్కనే కూర్చుని ఇంకేం ఖర్చయిందో ఒక్కొక్కటీ అడిగింది. గ్యాస్ 150, కవర్లు, లేబుళ్లు 80, బజారుకు ఆటో 100. మిగిలింది 620. ఇద్దరికీ పంచితే రోజంతా పొయ్యి దగ్గర నిలబడినందుకు మనిషికి 310. 2025-26లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే మూడు రూపాయలు ఎక్కువ.

ఇక్కడిదాకా కాస్టింగ్, అంటే వస్తువు తయారీకి ఎంత ఖర్చవుతుందో తేల్చే లెక్క, చదివినవాళ్లు ఎవరైనా వేస్తారు. ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. అమ్మాయి పుస్తకంలో ఉన్నట్టు వాళ్ల శ్రమను కూడా ఖర్చుగా పట్టి, మనిషికి 400 కూలి వేసి, "మీకు నష్టం వస్తోంది, ధర పెంచండి, లేదా మానేయండి" అంది. అందులో ఒకావిడ "నాకు చంటిపిల్ల ఉంది, నేను కూలికి పోలేనమ్మా. ఈ పని మానేస్తే నాకు 400 ఎవరిస్తారు?" అని అడిగింది. అవకాశ వ్యయం, అంటే ఈ పని కోసం వదులుకున్న వేరే సంపాదన, ఏమిటో ఆ అమ్మాయికి అక్కడ అర్థమైంది. ఒకావిడకి 400 అయితే ఇంకొకావిడకి సున్నా కావచ్చు. చివరికి వాళ్లు ధర 240 చేశారు, ఆటో ఖర్చు తగ్గించడానికి రెండు వాయిలు కలిపి బజారుకు తీసుకెళ్లడం మొదలెట్టారు. ధర పెంచితే కొనేవాళ్లు తగ్గుతారేమో చూడాలని రెండు వారాలు అమ్మకాలు రాయించింది కూడా.

ఆ అమ్మాయిని నేను వెంటనే తీసుకున్నాను. మార్కుల మెమో తర్వాత చూశాను.

రిటైర్డ్_ప్రిన్సిపాల్

సీఏ గారు చెప్పింది చదివి సంతోషం వేసింది. చాలాకాలం ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా చేసినవాణ్ని, ఒక తేడా చెప్పాలి. ఎన్‌ఎస్‌ఎస్ గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటలు, దాంతోపాటు ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. రోడ్లు వేశారు, మొక్కలు నాటారు, రక్తదానాలు చేశారు. ఆ పిల్లల్లో సేవాభావం, నలుగురితో కలిసి బతకడం పెరిగాయి, దానికి నేనే సాక్షి. కానీ బీకాం కుర్రాడు గుంత తవ్వినందువల్ల అతని కామర్స్ మెరుగుపడదు. సేవ ఉంది, దానికీ చదువుకీ లంకె లేదు.

మేడమ్ అడుగుతున్నది ఆ లంకె గురించే. అది కుదరాలంటే మూడు ఉండాలి. పని సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి. ఊరికి నిజంగా అవసరమైనదై ఉండాలి. చేసిన దాని గురించి విద్యార్థి కూర్చుని ఆలోచించి రాయాలి. మూడోదాన్నే అందరం వదిలేస్తున్నాం. డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన అనుభవ చక్రం బీఈడీలో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: అనుభవం, దాన్ని తరచి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం తీయడం, దాన్ని మళ్లీ ప్రయోగించి చూడటం. మన లాగ్‌బుక్కుల్లో "ఈ రోజు 12 ఇళ్లు సందర్శించితిమి" అని ఉంటుంది. అది హాజరు పట్టీ.

నేనైతే రోజువారీ పేజీలో మూడే గడులు పెడతాను. ఇవాళ ఏం జరిగింది? క్లాసులో చదివిన ఏ విషయం ఇక్కడ కలిసింది, ఏది కలవలేదు? రేపు ఏం మార్చి చేస్తావు? రెండో గడి రోజూ ఖాళీగా ఉంటే ఆ పని సబ్జెక్టుకు దూరంగా ఉందని మెంటర్‌కు మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

కరీంనగర్_బీబీఏ

నమస్తే. మా దగ్గర డిగ్రీల గిట్ల తప్పనిసరి ప్రాజెక్టు లేదు, ఎన్‌ఎస్‌ఎస్ ఉన్నది. అయినా మేం నలుగురం దోస్తులం కలిసి సొంతంగ ఒక పని మొదలువెట్టినం. మార్కెట్ల కూరగాయలు, పండ్లు అమ్మేటోళ్లకు పీఎం స్వనిధి లోన్ల సంగతి చెప్తున్నం. 2020ల మొదలైనప్పుడు మొదటి లోను 10 వేలు ఉండె, 2025ల మార్చినంక 15 వేలు అయింది. టైముకు కట్టినోళ్లకు రెండోది 25 వేలు, మూడోది 50 వేలు. వడ్డీ మీద 7 శాతం సబ్సిడీ ఉన్నది.

మేం అనుకున్నదేంటిదంటే, ఫారం నింపుడు తెల్వకనే వాళ్లు లోన్ తీస్కుంటలేరని. పోయి కూసుని మాట్లాడితే అసలు సంగతి వేరే ఉన్నది. పొద్దుగాల సరుకు కొననీకె ఫైనాన్స్ ఆయన దగ్గర తీసుకుంటరు. ఆయన 1,000 అని 900 చేతుల వెట్టి, దినాం 100 చొప్పున పది రోజులు వసూలు చేస్తడు. ఆయన బండి కాడికే వచ్చి ఇస్తడు, బ్యాంకుకు పోతే ఒక పూట గిరాకీ పోతది. మరి మేం ఏం చెప్పాలె? దీన్ని ఎట్ల లెక్క గట్టి చూపియ్యాలె?

కామర్స్_మేడమ్_తణుకు

చాలా మంచి కేసు తెచ్చావు బాబూ. లెక్క వాళ్ల భాషలోనే చూపించు, శాతాలు వద్దు. మొదటి రోజు చేతిలో ఉన్నది 900. రోజూ వంద పోతుంటే అయిదారు రోజులకే సగం వెళ్లిపోతుంది. అంటే పది రోజుల్లో సగటున వాళ్లు వాడుకున్నది దాదాపు 450, దానికి కట్టింది 100. ఆ వాయిదా అవ్వగానే మళ్లీ తీసుకుంటే నెలకు 300 పోతుంది. "అమ్మా, 450 రూపాయలు వాడుకోవడానికి నెలకు 300 కడుతున్నావు" అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

కొందరు అప్పులిచ్చేవాళ్లు చెప్పే ఫ్లాట్ వడ్డీ, అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీ, కూడా ఇలాగే విప్పొచ్చు. 12,000 అప్పు, 12 శాతం ఫ్లాట్, ఏడాదిలో నెలనెలా తీర్చాలి. వడ్డీ 1,440 కలిపి నెలకు 1,120 కట్టాలి. వినడానికి రూపాయి వడ్డీ. కానీ అసలు నెలనెలా తగ్గుతూనే ఉంటుంది కదా, సగటున చేతిలో ఉన్నది 6,500 మాత్రమే. 6,500 మీద 1,440 అంటే 22 శాతం దగ్గర, దాదాపు రెండు రూపాయల వడ్డీ. మా పిల్లలు దీన్ని పరీక్షలో ఫార్ములాతో రాస్తారు. ఇంకొకరికి నోటితో చెప్పమంటే నీళ్లు నములుతారు. నాకు కావాల్సిన నైపుణ్యం ఇదే: తెలిసిన లెక్కను, ఆ లెక్క అవసరమైన మనిషికి అర్థమయ్యేలా చెప్పగలగడం.

ఫైనాన్స్ ఆయన దగ్గర తీసుకోవడం మానేయమని మాత్రం మీరు చెప్పొద్దు. రేపు పొద్దున సరుకుకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చూపించలేనివాళ్లం ఆ మాట అనకూడదు. బ్యాంకు పని ఏ పూట పెట్టుకుంటే గిరాకీ పోదో అడిగి, ఆ పూట మీలో ఒకరు తోడు వెళ్లండి.

కరీంనగర్_బీబీఏ

సమజైంది మేడమ్. మధ్యాహ్నం రెండింటికి గిరాకీ ఉండదు, గప్పుడు తీస్కపోతం.

టెక్సాస్_తెలుగు

ఇక్కడ ఎంఎస్ అకౌంటింగ్ చదువుతున్నాను. మీ చర్చ చదువుతుంటే ఇక్కడి వీటా కార్యక్రమం గుర్తొచ్చింది. 1969 నుంచి నడుస్తోంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు, వికలాంగులకు, ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్లకు వాలంటీర్లు ఉచితంగా ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు తయారుచేసి ఇస్తారు. చాలా యూనివర్సిటీల బిజినెస్ స్కూళ్లు దీన్ని క్రెడిట్లున్న కోర్సుగా పెట్టాయి.

ఇందులో మన దగ్గరికి తెచ్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. ఎవరినీ నేరుగా జనం ముందు కూర్చోబెట్టరు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి, నియమావళి పరీక్ష కూడా రాయాలి. వచ్చిన మనిషితో ముందు మాట్లాడి వివరాల ఫారం నింపాలి. నేను వేసిన రిటర్ను మరొకరు మొదటినుంచీ సరిచూశాకే ఫైల్ అవుతుంది. విద్యార్థి పొరపాటు మామూలు మనిషి నెత్తిన పడకుండా ఆ రెండో చూపు కాపాడుతుంది. మన బీకాం పిల్లలు సంఘం లెడ్జర్లు ముట్టుకునే ముందు కూడా ఇలాంటి ఏర్పాటు ఉండాలి.

మన తెలుగు పిల్లలకు సంబంధించిన ఒక విషయం. ఎఫ్1 వీసా మీద వచ్చినవాళ్లు మామూలుగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్లు. వాళ్లు వేయాల్సిన రిటర్ను ఫారం 1040-ఎన్ఆర్. ఆదాయం లేకపోయినా 8843 ఫారం పంపాలి. చాలామంది దొరికిన సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్లలా వేసేస్తారు. ఇంకొకటి, నాన్‌రెసిడెంట్లకు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసే ముందు ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) ఉండదు. ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకు మాత్రం రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 21(2) అధికరణం వల్ల ఉంటుంది. నా ముందు కూర్చున్న జూనియర్‌కి అది తెలియదు. క్యాంపస్ డైనింగ్ హాల్లో పనిచేసి సంపాదించిన డబ్బు మీద కట్టిన పన్ను వెనక్కి వస్తుందని చెప్పగానే "అన్నా, నిజంగానా?" అన్నాడు. టాక్సేషన్ క్లాసులో ఆ అధికరణం ఒక లైను. అతనికి అది నెల అద్దె.

బీకాం_సెకండియర్

ఇవన్నీ వింటుంటే బాగుంది. కానీ నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. సెలవుల్లో పనిచేసుకుంటేనే ఫీజు కట్టగలిగేవాళ్ల సంగతేంటి?

రిటైర్డ్_ప్రిన్సిపాల్

నీ ప్రశ్న న్యాయమైనది నాయనా. దాన్ని పక్కన పెట్టి ఎన్ని మాటలు చెప్పినా లాభం లేదు. మార్గదర్శకాల్లో ఊరు, వార్డు దగ్గర్లో ఉండాలన్నారు. పనివేళలు మెంటర్‌తో మాట్లాడి సాయంత్రాలకు, ఆదివారాలకు సర్దుకోవచ్చు. సంఘం మీటింగులు ఎక్కువగా సాయంత్రమే ఉంటాయి. కూరగాయల బండ్ల దగ్గర తీరిక మధ్యాహ్నం. నువ్వు పనిచేసే బట్టల షాపు పక్కనే టైలరుంటాడు, ఇస్త్రీ బండి ఉంటుంది. నెల రోజుల పాటు వాళ్ల రోజువారీ వసూళ్లు, ఖర్చులు రాసిపెట్టి, ఏ రోజు చేతిలో డబ్బు ఎందుకు ఉండటం లేదో చూపించు. అది నీ ప్రాజెక్టు. కాలేజీలు కూడా ఆలోచించాలి. ఆడపిల్లలకు బస్సు ఛార్జీలు, తోడు, ఎండ, ఇవన్నీ మెంటర్ బాధ్యతే.

రెడీమేడ్ రిపోర్టుల సంగతి మెంటర్లు తలచుకుంటే ఒక్క రోజులో తేలుతుంది. వైవాలో రిపోర్టు మూసేయించి, "నీకు వివరాలు చెప్పిన ఒక మనిషి గురించి అయిదు నిమిషాలు చెప్పు" అనండి. కొన్నవాడు చెప్పలేడు.

కోటవీధి_సీఏ

ఇంకో మాట. కొందరు పిల్లలు ఊరికి వెళ్లగానే ఇన్‌స్టా పేజీ పెడతాం, లోగో చేస్తాం, బ్రాండింగ్ చేస్తాం అంటారు. సరదాగానే ఉంటుంది. వీళ్లు వెళ్లిపోయాక ఆ పేజీకి దిక్కెవరు? వచ్చిన ఆర్డర్లు ఎవరు చూస్తారు? దానికంటే ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేయించండి, 2020 జూలై నుంచి అది పూర్తిగా ఆన్‌లైన్లో, ఉచితం. దళారులు డబ్బు తీసుకుని చేస్తున్నారు. తినుబండారాలు అమ్మేవాళ్లకు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించండి. లాగిన్, పాస్‌వర్డ్ వాళ్ల పుస్తకంలో వాళ్ల చేతే రాయించండి. మీరు వెళ్లిపోయాక కూడా వాళ్లు సొంతంగా చేసుకోగలిగిందే పెట్టండి.

బుక్‌కీపర్_అక్క

సీఏ గారు సరిగ్గా చెప్పారు. మా దగ్గరికి వచ్చిన ఒక బ్యాచి కంప్యూటర్లో ఎక్సెల్ షీటు చేసి ఇచ్చింది. మాకు కంప్యూటరే లేదు. అదే పేజీని లెడ్జరు పుస్తకంలో గీతలు కొట్టి ఇచ్చి ఉంటే ఇవాళ్టికీ వాడుకునేదాన్ని.

కామర్స్_మేడమ్_తణుకు

అందరికీ కృతజ్ఞతలు. నేను చేయబోయేది రాస్తాను, తప్పులుంటే దిద్దండి.

సెలవులకు ముందే మా కాలేజీ చుట్టుపక్కల సంఘాల బుక్‌కీపర్లను, చిన్న వ్యాపారులను పిలిచి "మీకేం కావాలి?" అని అడుగుతాను. వాళ్లు చెప్పిన పనుల్లోంచి పిల్లలు ఎంచుకుంటారు. కాస్టింగ్, తగ్గే బాకీ మీద వడ్డీ, లెడ్జర్లు సరిచూడటం మీద ఒక పరీక్ష పెడతాను, పాసైనవాళ్లే లెక్కలు ముట్టుకుంటారు. పేర్లు, అప్పులు బయటపెట్టబోమని తెలుగులో ఒక కాగితం మీద అందరూ సంతకం చేస్తారు. నలుగురేసి జట్టు, ఒకరు వేసిన లెక్క ఇంకొకరు సరిచూడాలి. లాగ్‌బుక్‌లో ప్రిన్సిపాల్ గారు చెప్పిన మూడు గడులు ఉంటాయి. చివరి వారం ఎగ్జిట్ రిపోర్టు కాపీ ఎలాగూ పంచాయతీకి ఇవ్వాలి. దాంతోపాటు వివరాలు చెప్పినవాళ్లను కూర్చోబెట్టి, తేలిన లెక్క వాళ్లకు నోటితో చెప్పాలి. సగం మార్కులు దానికే. వాళ్లు అడిగిన ప్రశ్నలు, విద్యార్థి ఇచ్చిన జవాబులు నేను అక్కడే కూర్చుని వింటాను.

ఒక్కటి తేల్చుకోలేకపోతున్నాను. ఫస్టియర్ పిల్లలకు కాస్టింగ్ ఇంకా సిలబస్‌లో రాలేదు. ముందుగానే చెప్పాలా, లేక లెడ్జర్ల పనికే పరిమితం చేయాలా?

కోటవీధి_సీఏ

సిలబస్ కోసం ఆగకండి మేడమ్. జంతికల లెక్కకు కావాల్సిన కాస్టింగ్ రెండు క్లాసుల్లో అయిపోతుంది. సరుకు, ఇతర ఖర్చులు, కూలి, రోజుకు ఎన్ని కిలోలు, అంతే. ఓవర్‌హెడ్ పంపకాలు, వేరియన్స్‌లు తర్వాత ఎప్పుడో చదువుకుంటారు. అప్పుడు ఇంకా బాగా అర్థమవుతాయి.

టెక్సాస్_తెలుగు

పరీక్షకు ప్రశ్నలు తయారుచేయడంలో నేను సాయం చేస్తాను మేడమ్. వీటాలో ఉన్నట్టు ఒక ఊహా సంఘం పుస్తకం ఇచ్చి, అందులో నాలుగైదు తప్పులు దాచి, పట్టుకోమందాం. ఈ వారాంతంలో ఒక నమూనా రాసి ఇక్కడే పెడతాను.

బుక్‌కీపర్_అక్క

ఆ నమూనా నాకూ చూపించండి తమ్ముడూ. మా పుస్తకాల్లో తప్పులు మామూలుగా ఎక్కడ దొర్లుతాయో నేను చెబుతాను. పొదుపు డబ్బు అప్పు వాయిదా గడిలో రాసేయడం, పాత బాకీ కొత్త పేజీకి ఎక్కించేటప్పుడు అంకె తారుమారు కావడం, ఇవే ఎక్కువ.

మేడమ్, మీ పిల్లల్లో ఒక జట్టును మా ఊరికి పంపండి. మంగళవారం సాయంత్రం ఆరింటికి మీటింగు. మొదటి రెండు వారాలు లెడ్జర్లు అడగొద్దని చెప్పండి. వచ్చి కూర్చుని మీటింగు ఎలా జరుగుతుందో చూడనివ్వండి. సభ్యులకు వాళ్ల మొహాలు అలవాటయ్యాక పుస్తకాలు నేనే తీసి ఇస్తాను.